దూరం వరకు సరే, గంటల దగ్గరే నా గొడవ

రెండు ఎయిర్‌పోర్ట్ కోడ్‌లు కొడితే దూరం, ప్రయాణ సమయం చూపించే యాప్ ఒకటి మూడేళ్ళుగా వాడుతున్నాను. ఎలా వాడాలో చెప్పక్కర్లేదు. నా కోపమంతా దూరం కింద కనిపించే ఆ సమయం మీదే.

దక్షిణ అట్లాంటిక్ మధ్యలో ఉన్న సెయింట్ హెలెనా ద్వీపానికి వెళ్దామనుకుని దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ నుంచి ఎంతో చూశాను. 3,680 కిలోమీటర్లు, 5 గంటల 6 నిమిషాలు. ఆ 6 నిమిషాలు చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది కదా! టికెట్ తీయకముందే, దిగిన మధ్యాహ్నమే ద్వీపమంతా తిరగాలని కారు మాట్లాడేసి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. తీరా టికెట్ చేతికొచ్చాక చూస్తే విమానం మధ్యలో నమీబియాలోని వాల్విస్ బేలో ఆగుతుందట. గంటకు పైగా తేడా. కారు వేళ మార్చడం కుదరక అడ్వాన్స్ పోయింది.

విచిత్రం ఏమిటంటే వాల్విస్ బే దాదాపు ఆ సరళరేఖ మీదే ఉంటుంది. రెండు ముక్కలూ విడివిడిగా కొట్టి కూడితే మళ్ళీ అదే 3,680 వచ్చింది! అంటే దూరం తప్పు కాదు, ఆగడం అనేదే దాని లెక్కలో లేదు. ఆగేది ఇంధనం కోసం. ఆ ద్వీపం రన్‌వే దగ్గర గాలులు ఎంత మొండివంటే, 2016లో పరీక్షగా దింపిన విమానాలకే ఇబ్బందై, మామూలు సర్వీసు 2017 అక్టోబరు దాకా మొదలుకాలేదు. దిగడం కుదరకపోతే పక్కన ఇంకో ఊరు లేదు, అసెన్షన్ ద్వీపమే 1,300 కిలోమీటర్ల దూరం. అందుకే వెనక్కి రావడానికి సరిపడా నింపుకుని బయలుదేరాలి. ఇదంతా దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి అరగంట కలిపితే తెలిసేది కాదు. అవును, ఆ యాప్ చేసేది అంతే, నాలుగైదు రూట్లు చేత్తో లెక్కేసి చూశాను.

చిలీ రాజధాని శాంటియాగో నుంచి పసిఫిక్‌లోని ఈస్టర్ ద్వీపానికి కూడా అంతే. 3,750 కిలోమీటర్లు, పోనూ రానూ ఒకటే సమయం చూపిస్తుంది. పడమటి గాలికి ఎదురుగా వెళ్ళేటప్పుడు నాకు ఐదున్నర గంటలు దగ్గర దగ్గర పట్టింది, తిరిగొచ్చేటప్పుడు ఐదు కూడా పట్టలేదు.

మొదటి ఏడాది ఈ యాప్ గురించి కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను, ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. భూగోళం మీద అతి దగ్గరి దారి ఎంతో తెలియాలంటే ఇప్పటికీ ఇదే తెరుస్తాను. కానీ ఈస్టర్ ద్వీపం నుంచి సెయింట్ హెలెనాకి కొడితే 10,500 కిలోమీటర్లు, పదమూడున్నర గంటలు అంటుంది. ఆ రెంటి మధ్య నేరుగా విమానమే లేదు! నేరు సర్వీసు లేదని ఒక్క ముక్క కింద రాస్తే ఏం పోయింది?

నాకు మారుమూల ద్వీపాల పిచ్చి, అందుకే ఇంత మండింది. పెద్ద నగరాల మధ్య తిరిగేవాళ్ళకి అరగంట అటూ ఇటూగా సరిపోవచ్చు. నేను మాత్రం దూరం ఇందులో చూసి, వేళలు విమాన సంస్థ టైమ్‌టేబుల్‌లో చూసుకున్నాకే ఎవరికైనా అడ్వాన్స్ ఇస్తున్నాను.