గైయా ఎక్స్‌పీ స్పెక్ట్రాలు: రెండేళ్లకు పైగా వాడాక

యూరప్ అంతరిక్ష టెలిస్కోప్ గైయా మూడో డేటా విడుదల (డీఆర్3) అనగానే పారలాక్స్ (తార దూరం తేల్చే కోణం), ప్రాపర్ మోషన్ (ఆకాశంలో తార కదలిక) మాటే ముందు వస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఎక్స్‌పీ స్పెక్ట్రాలు, అంటే తార వెలుగును నీలం వైపు (బీపీ), ఎరుపు వైపు (ఆర్‌పీ) విడివిడిగా పరిచి నమోదు చేసినవి. 2022 జూన్‌లో దాదాపు 22 కోట్ల తారలకు ఇవి ఒక్కసారిగా చేతికొచ్చాయి.

ఎన్‌జీసీ 752 అనే తారల గుచ్ఛాన్నే తీసుకోండి. కేంద్రం చుట్టూ ఒకటిన్నర డిగ్రీల మేర వెతికి, ప్రాపర్ మోషన్ (ఏడాదికి 9.8, −11.7 మిల్లీ ఆర్క్‌సెకన్లు) దగ్గర, పారలాక్స్ 2.0 నుంచి 2.5 మిల్లీ ఆర్క్‌సెకన్ల మధ్య ఉన్నవాటిని ఉంచితే గుచ్ఛ సభ్యులు చాలావరకు విడిగా తేలతాయి. ఆర్‌ఏ (తూర్పు-పడమర దిశ) ప్రాపర్ మోషన్‌లో కాస్ డెక్ (డెక్లినేషన్ కొసైన్) ముందే కలిసి ఉంటుంది, మళ్లీ గుణించకండి. ఆ సభ్యులకు గైయాఎక్స్‌పై అనే పైథాన్ లైబ్రరీలోని జనరేట్ ఫంక్షన్‌తో జాన్సన్ బి (నీలం), వి (ఆకుపచ్చ-పసుపు) మాగ్నిట్యూడ్‌లు తీయొచ్చు. ఫిల్టర్ పెట్టి ఒక్క ఫొటో తీయకుండానే పాత పత్రాల్లోని బి−వి పటం పక్కన మన పటం పెట్టుకోవచ్చు. ప్రామాణీకరించిన జేకేసీ (జాన్సన్-క్రోన్-కజిన్స్) సిస్టమ్‌నే ఎంచుకోండి. అతినీలలోహిత వైపు ఉండే యు బ్యాండ్‌ను మాత్రం నమ్మలేం, 400 నానోమీటర్ల కింద క్యాలిబ్రేషన్ బలహీనం.

ఇక చిక్కు. క్యాలిబ్రేట్ చేసిన స్పెక్ట్రమ్ 336 నుంచి 1020 నానోమీటర్ల దాకా 2 నానోమీటర్లకో బిందువు చొప్పున 343 బిందువులతో నిండుగా కనిపిస్తుంది. దాని వెనక ఉన్నవి బీపీకి 55, ఆర్‌పీకి 55, మొత్తం 110 గుణకాలు. హెర్మైట్ ఫంక్షన్ల నుంచి కట్టిన అలలను ఆ గుణకాలతో కలిపితే గీసినట్టు వచ్చే గీత అది. తార మసకగా ఉంటే పై వరుస గుణకాలు నాయిస్‌కే అతుక్కుంటాయి, అప్పుడు గీత మీద సన్నని గుంటలు పడతాయి. మొదట్లో వాటినే శోషణ రేఖలనుకున్నాను. వాటి లోతు కొలిచి లోహ శాతం చెప్పబోవడం శుద్ధ తప్పు.

నిజం తేల్చడానికి రెండు పరీక్షలు చేస్తాను. ఒకటి, ట్రంకేషన్ పెట్టి (నాయిస్‌లో మునిగిన పై వరుస గుణకాలను కోసేసి) మళ్లీ క్యాలిబ్రేట్ చేయడం. గుంట మాయమైతే అది నాయిస్. రెండోది, వేడి తారలోనూ చల్లటి తారలోనూ అదే తరంగదైర్ఘ్యం దగ్గర గుంట వస్తోందా అని చూడటం. వస్తే అది పరికరానిది. హైడ్రోజన్ రేఖ హెచ్-ఆల్ఫా మరీ ఇబ్బంది. 656.3 నానోమీటర్లంటే 680 దగ్గర ముగిసే బీపీకీ, 640 దగ్గర మొదలయ్యే ఆర్‌పీకీ రెండింటికీ అంచే. అక్కడ రిజల్యూషన్ (దగ్గరి తరంగదైర్ఘ్యాలను విడదీసే సామర్థ్యం) 100 లోపే. బలమైన ఉద్గారం ఉన్న బీఈ తార (చుట్టూ వాయు వలయం ఉన్న వేడి తార) తెలుస్తుంది, మామూలు శోషణ రేఖ కలిసిపోతుంది.

మోడల్‌తో పోల్చేటప్పుడు 343 బిందువులనూ వేటికవే విడి కొలతలుగా లెక్కేస్తే, వచ్చే ఉష్ణోగ్రత ఎర్రర్ నమ్మలేనంత చిన్నదవుతుంది. పక్కపక్క బిందువులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి ఆ ముడిని చెప్పే కోవేరియన్స్ మ్యాట్రిక్స్ వాడక తప్పదు.

22 కోట్లన్న లెక్కలోనూ మెలిక ఉంది. ఎక్కువ తారలకు జి మాగ్నిట్యూడ్ (గైయా కొలిచే ప్రకాశం, అంకె పెరిగేకొద్దీ తార మసక) 17.65తోనే స్పెక్ట్రా ఆగిపోతాయి. ఎన్‌జీసీ 752లో అది తొలి ఎం రకం కుబ్జ తారల (ఎర్రటి చల్లటి చిన్న తారల్లో కాస్త వేడివాటి) దాకా. టైటానియం ఆక్సైడ్ పట్టీలు బాగానే కనిపిస్తాయి, నీలం వైపు మాత్రం దాదాపు అంతా నాయిసే. ఇది పలచటి గుచ్ఛం కాబట్టి ఈ పద్ధతి నడుస్తోంది. ఒక్కో స్పెక్ట్రమ్ కిటికీ 3.5 × 2.1 ఆర్క్‌సెకన్లు. కిక్కిరిసిన గోళాకార గుచ్ఛం ఎం13 నడిమధ్యలో ఆ కిటికీలో పక్క తార వెలుగు కూడా పడుతుంది. బ్లెండెడ్, కంటామినేటెడ్ ట్రాన్సిట్లను (పక్క తార వెలుగు కలిసిన అబ్జర్వేషన్లను) బీపీకీ ఆర్‌పీకీ కలిపి కూడి, మొత్తం అబ్జర్వేషన్లతో భాగించండి. 0.1 దాటిన తారను నేను వదిలేస్తాను. ఎం13 కేంద్రం దగ్గర అలా వదిలేస్తూ పోతే మిగిలేవి కొద్దే.

(ఈ రెండు గుచ్ఛాలూ హైదరాబాద్ నిజామియా వేధశాల ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ (ఆకాశమంతా ఫొటోలు తీసిన పాత అంతర్జాతీయ పథకం) కోసం ఫొటోలు తీసిన +36 నుంచి +39 డిగ్రీల పట్టీలోవే. ఆ కేటలాగ్ కొలతలు తర్వాత టైకో-2 అనే తారల పట్టికలోని ప్రాపర్ మోషన్లకు ఆధారమయ్యాయి. ఆ గాజు ప్లేట్ల శ్రమ తలచుకుంటే ఈ డేటా మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.)

సొంత టెలిస్కోప్ లేకుండా, మామూలు ల్యాప్‌టాప్‌తో దగ్గరి ఓపెన్ క్లస్టర్లు (పలచటి గుచ్ఛాలు) చూసే నాలాంటివారికి ఇది చాలు, ఫొటోమెట్రీ వరకు. లోహ శాతమో, రేఖల బలమో కావాలంటే ఉత్తరాకాశంలో ముందు చైనా స్పెక్ట్రోస్కోపిక్ సర్వే లామోస్ట్‌లో ఆ తార ఉందేమో వెతుకుతాను. అక్కడ రిజల్యూషన్ దాదాపు 1800. అక్కడ లేకపోతేనే ఎక్స్‌పీ, అదీ జి 15 లోపు తారలకే.