ఆంగ్ల హల్లులకు వర్గాల వరుసా, మూడు లక్షణాల పట్టికా?

విశాఖపట్నంలో ఆంగ్ల ధ్వనిశాస్త్రం చదివే తెలుగు విద్యార్థి ముందు రెండు దారులున్నాయి: బడిలో నేర్చిన క-చ-ట-త-ప వర్గాలు ఒకటి, స్థానం, ఉచ్చారణ విధానం, నాదం (స్వరతంత్రుల కంపనం) అనే మూడు లక్షణాలతో 24 ఆంగ్ల హల్లులను అమర్చే పట్టిక మరొకటి.

కంఠం నుంచి పెదవుల దాకా సాగే వర్గాల వరుసలో స్థానభేదం, నాదభేదం రెండూ ఉన్నాయి కనుక అది తక్కువదేమీ కాదు. అయితే వర్గాలు గాలిని ఆపి వదిలే స్పర్శాలకు, ముక్కుతో పలికే అనునాసికాలకే చోటిస్తాయి. ఆంగ్లంలో గాలి ఒరుసుకుంటూ వెలువడే ఊష్మాలే 9 ఉన్నాయి. కింది పెదవి పై పళ్లకు తగిలి పుట్టే ధ్వనికీ, పెదవులు గుండ్రంగా చుట్టి పలికే ధ్వనికీ మనం రాసేది ఒక్క ‘వ’ మాత్రమే. ద్రాక్షతీగ (vine), ద్రాక్షసారా (wine) అనే అర్థాలున్న ఆంగ్ల పదాలు కేవలం ఆ తేడాతోనే వేరవుతాయి గనుక అక్కడ అవి రెండు వర్ణాలు, అంటే అర్థభేదం తెచ్చే వేర్వేరు ధ్వనులు. ఇలాంటి చోట మూడు లక్షణాల పట్టికనే నమ్ముకోవాలని నా దృఢాభిప్రాయం.

ఒత్తు (ప, ఫల మధ్య ఉండే ఊపిరి విసురు తేడా) దగ్గర పరిస్థితి తారుమారవుతుంది. ‘పిన్’లోని ‘ప’ ఊపిరి విసురుతో, ‘స్పిన్’లోనిది అది లేకుండా పలికినా ఆంగ్లంలో అర్థభేదం రాదు, అవి ఒకే వర్ణానికి సవర్ణాలు, అంటే అర్థం మార్చని ఉచ్చారణ రూపాలు. తెలుగు రాతలో మాత్రం పలము తూకం, ఫలము పండు.